నడిసంద్రానికి దారిబత్తెం

దూరప్రయాణానికి బయలుదేరే బాటసారికి మన పెద్దలు సద్దిమూట కట్టి ఇచ్చేవారు. ఉర్దూలో దానినే ‘తోషా’ అంటారు. మాట వేరైనా భావం ఒక్కటే: దారిలో దొరకనిదానిని ఇంటివద్దనే సమకూర్చుకోవాలి. విద్యుత్తు విషయంలో ఈ పాత నీతిని మనం విస్మరిస్తున్నామని నా అభిప్రాయం. అందుకు రాత్రివేళ చిన్న పడవలపై సాగే చేపల వేటనే ఉదాహరణగా తీసుకుంటాను.

ఆర్కిటిక్ తీరవాసులైన ఇన్యూట్ ప్రజలు సీల్ చర్మాలతో నిర్మించుకొన్న వేట పడవ పేరు కయాక్. నేడు అమెరికా వంటి దేశాలలో ప్లాస్టిక్ కయాకులపై ఒంటరిగా రాత్రంతా చేపలు పట్టేవారు ఉన్నారు. వారి వెంట చేపల జాడ చూపే సోనార్ తెర, దారి తెలిపే జీ.పీ.ఎస్., దీపం, సెల్‌ఫోను ఉంటాయి. పెద్ద మరపడవలో ఇంజను తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ నిండుతూ ఉంటుంది. తెడ్డుతో నడిచే కయాకుకు ఆ సౌకర్యం లేదు. రాత్రివేళ సౌరఫలకం కూడా పనిచేయదు. కనుక ఒడ్డు విడిచే వేళకు బ్యాటరీలో ఉన్నదెంతో, తెల్లవారేవరకు వారి సొత్తు అంతే.

ఇది ఎక్కడో పరదేశీయుల వినోదం, మనకేల అని కొందరు ప్రశ్నించవచ్చు. మన కోస్తా తీరంలో తెప్పలపైన, చిన్న నావలపైన చీకటిలో వేటకు వెళ్లేవారికి అది వినోదం కాదు, జీవనోపాధి. 1999లో హైదరాబాదులో నెలకొన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, చేపలు లభించగల ప్రాంతాలను గూర్చి మత్స్యకారులకు సూచనలు అందిస్తోంది. 2019లో ‘జెమిని’ అనే పరికరం వచ్చింది. సెల్ టవర్ల సంకేతం అందని దూరంలో సైతం అది ఉపగ్రహం నుండి హెచ్చరికలను స్వీకరించి మత్స్యకారుని ఫోనుకు చేరవేస్తుంది. ఎంతో ప్రశంసనీయమైన ఏర్పాటు. కాని ఆ ఫోను అర్ధరాత్రికే ఆరిపోతే, అంతరిక్షం దాటి వచ్చిన ఆ హెచ్చరిక ఎవరి చెవిన పడుతుంది?

లోపం పరికరంలో లేదు, మన లెక్కలో ఉంది. ఆ లెక్క కష్టమైనదీ కాదు. 12 వోల్టుల చిన్న సోనార్ తెర 0.6 ఆంపియర్ల చొప్పున వాడుకొంటే, పది గంటల రాత్రికి 6 ఆంపియర్-అవర్లు కావాలి. దీపానికి ఒకటి, ఫోనును ఒకసారి నింపడానికి సుమారు రెండు. వెరసి తొమ్మిది. గాలి ఎదురు తిరిగి రాక ఆలస్యమైతే? అందుకు మరొక మూడు. మొత్తం పన్నెండు. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే అది త్వరగా చెడిపోతుంది కనుక 24 ఆంపియర్-అవర్లది అవసరం. దాని బరువు సుమారు 8 కిలోలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం నిస్సంకోచంగా వాడుకోవచ్చు కనుక 15 ఆంపియర్-అవర్లది చాలు. బరువు సుమారు 2 కిలోలే. వెల ఎక్కువన్నది నిజమే. అయితే అనేకమార్లు నింపుకొని చాలాకాలం వాడుకోగల వస్తువుకు ఆ వెల వృథా కాదు.

మరికొన్ని అపోహలను కూడా తొలగించుకోవాలి. 10,000 మిల్లీ ఆంపియర్-అవర్లని ముద్రించిన పవర్ బ్యాంకు ఫోనుకు అంతటినీ ఇవ్వదు. ఆ సంఖ్య లోపలి 3.7 వోల్టులకు సంబంధించినది. 5 వోల్టులకు మార్చే సరికి ఆరువేల ప్రాంతంలో మాత్రమే మిగులుతుంది. సంకేతం లేని చోట ఫోను టవరు కోసం వెదకి వెదకి తన శక్తిని తానే హరించుకొంటుంది. అక్కడ దానిని ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచడం మేలు. జీ.పీ.ఎస్. కేవలం ఉపగ్రహ సంకేతాలను స్వీకరించేదే కనుక టవరు లేకున్నా దారి చూపగలదు. తెర వెలుగును తగ్గించుకొంటే మరింత ఆదా.

ఉప్పునీరు విద్యుత్తుకు బద్ధశత్రువు. బ్యాటరీని నీరు చొరని పెట్టెలో ఉంచడం, దాని ధనధ్రువానికి దగ్గరగానే ఫ్యూజు అమర్చడం, కొనలకు గ్రీజు పూయడం చిన్న పనులే అయినా ప్రాణాలు నిలిపేవి. అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి ఉంది. వేటకు వాడే బ్యాటరీ వేరు, ఆపదకు దాచిన బ్యాటరీ వేరుగా ఉండాలి. 1972 నాటి అంతర్జాతీయ నౌకాప్రమాద నివారణ నియమాల ప్రకారం తెడ్డు పడవకు కనీసం ఒక టార్చిలైటో వెలిగించిన లాంతరో సిద్ధంగా ఉండాలి. ఓడ ఎదురైనప్పుడు ఢీకొనే ప్రమాదం తప్పేలా దానిని సకాలంలో చూపాలి. చేపల జాడ వెదకుటలో ఆ చివరి వెలుగును ఖర్చు చేయరాదు.

మన తాతలు చుక్కలను చూసి దారి తెలుసుకొనలేదా, ఈ బ్యాటరీల గొడవ దేనికని పెద్దలు అనవచ్చు. ఆ విద్య ఏనాటికీ ఆరిపోని దీపం. దానిని నేర్వవలసిందే. కాని మబ్బు కమ్మిన రాత్రి చుక్క కానరాదు, తుపాను కబురును చుక్క తేలేదు. పాత విద్య, కొత్త పరికరం ఒకదానికొకటి తోడు కావాలే గాని పోటీ కారాదు.

కనుక నా విన్నపం రెండు విధాలు. మత్స్యకారులకు పరికరాలను పంచే వారెవరైనా సరే, వాటితోపాటు తగిన బ్యాటరీని, ఫ్యూజును, నీరు చొరని పెట్టెను కూడా ఇవ్వాలి. నూనె లేని దీపాన్ని దానం చేసి పుణ్యం ఆశించడం న్యాయం కాదు. ఇక విద్యార్థి మిత్రులారా! మన ప్రయోగశాలలో అమ్మీటరు ఉంది, గుణించడం మనకు వచ్చు. తీరప్రాంతం నుండి వచ్చి చదువుకొంటున్నవారు సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు తమ ఊరి నావలలోని పరికరాలకు ఎంత విద్యుత్తు అవసరమో లెక్కగట్టి, పెద్దలకు వారి మాటలలోనే చెప్పి రావాలి. అందుకు కావలసిన మీటర్లను సెలవులకు ఇప్పించే విషయాన్ని కళాశాల కమిటీ పెద్దలు సానుభూతితో పరిశీలించాలని ప్రార్థన. చదివిన చదువు ఒక్క నావనైనా క్షేమంగా ఒడ్డుకు చేరిస్తే, ఆ చదువు సార్థకమైనట్లే.