లలితకళా అకాడమీయు, మన చిత్రలేఖనపు గంటయు

ఢిల్లీలోని లలితకళా అకాడమీ 1954వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన ప్రారంభమైనది. చెన్నపట్టణపు చిత్రకళాశాలకు పెక్కేండ్లు అధిపతిగా నుండిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి దాని తొలి అధ్యక్షుడు. చిత్రకారులును రాష్ట్రప్రతినిధులును గల పెద్ద మండలి, పనులు జరిపించు కార్యనిర్వాహకవర్గము, జాతీయ ప్రదర్శనము, బహుమానములు, ఉపకారవేతనములు: ఏర్పాటు చూడ ముచ్చటగనే యున్నది. అయినను ఆ మేడకు పునాది యెక్కడ?

అకాడమీలు లేని కాలమున మన దేశమున చిత్రకారు లెట్లు పుట్టిరో చూడుడు. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాల ప్రధానాచార్యుడు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర దామెర్ల రామారావుగారి ప్రజ్ఞను గుర్తించి ప్రోత్సహింపగా, ఆయన బొంబాయికి పోయి చిత్రకళ నభ్యసించెను. 1925లో, ఇరువదియెనిమిదవ యేటనే గతించినను, ఆయన చిత్రములు రాజమహేంద్రవరమున నేటికిని నిలిచియున్నవి. మచిలీపట్టణపు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ యను వంగదేశీయుడు బోధింపగా అడివి బాపిరాజుగారు చిత్రకారులైరి. మండలి లేదు, బహుమానము లేదు. గుర్తించు గురువు కలడు.

మన సంగతి చూతము. అమరావతి యొకప్పుడు మన సత్తెనపల్లి తాలూకాలోనిదే. ఆ స్తూపపు శిలలు లండనునందును చెన్నపట్టణమునందును మ్యూజియములలో నున్నవి. మన పిల్లలు వానిని పుస్తకములోని బొటనవ్రేలంత బొమ్మలలో చూచుచున్నారు. పరీక్షలు సమీపించినంతనే మొదట బలియగునది చిత్రలేఖనపు గంట. "బొమ్మలు కడుపు నింపునా?" యని తల్లిదండ్రు లడుగుదురు. మిరప ధర పడిన యేడు ఆ ప్రశ్న మరింత గట్టిగ వినవచ్చును. దానిని నవ్వి త్రోసివేయుట తగదు. కాని చీర యంచు దిద్దు నేతగాడును, ఇల్లు కట్టు మేస్త్రీయు గీత నెరిగినవారే కదా!

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున వెనుక నుండిన లలితకళా అకాడమీ 1983లో ప్రభుత్వ నిర్ణయముచే రద్దయ్యెను. దానివలన మేలుపొందిన బడి తాలూకా కొక్కటి యుండిన, అంత సులభముగ పోయెడిది కాదని నా నమ్మకము.

కావున బడులలోని చిత్రలేఖనోపాధ్యాయులకు జాతీయ అకాడమీ మండలిలో స్థానములు ప్రత్యేకింపవలెను. ప్రదర్శనపు చిత్రములు కొన్నియైనను పెట్టెల కెక్కి నరసరావుపేటకును సత్తెనపల్లికిని రావలెను. ఒక శిల్పి నెలదినములు మన బడి వసారాలో ఉలి పట్టి కూర్చుండవలెను. బాలురును బాలికలును రాతిపొడి నంటించుకొని యిండ్లకు పోవలెను. అంతవరకు, తల్లిదండ్రులారా, చిత్రలేఖనపు గంటను లెక్కల కిమ్మని మాత్రము మమ్ము కోరకుడు.