ఫొటో వెనక తేదీ

ఈ రోజుల్లో ఇంట్లో ఒక శుభకార్యం జరిగిందంటే, అప్పగింతలు పూర్తి కాకముందే ఫొటోలు వేలు దాటిపోతాయి. పూర్వం స్టూడియో నుంచి ఒకాయన వచ్చి, వధూవరులది ఒకటి, బంధువులందరితో ఒకటి తీసి వెళ్ళేవాడు. అట్ట వెనక స్టూడియో ముద్ర వుండేది. దాని పక్కనే ఇంట్లో పెద్దవారెవరో పెన్సిలుతో "మాఘ బహుళ పంచమి, చిన్నమ్మాయి పెళ్ళి" అని రాసి పెట్టేవారు. యాభై యేళ్ళ తరువాత తిప్పి చూసినా సంగతి తెలిసేది. ఇప్పటి ఫొటోకు వెనకవైపు లేదు. పేరేమో 'ఐఎంజీ 0412'. ఎవరిదో, ఏనాటిదో ఆ పేరు చెప్పదు.

"ఫొటోలు వుంటే చాలదా, పేర్లతో మనకేం పని?" అని మీరు అనవచ్చు. పేరు వల్ల ఫొటోయే లేకుండా పోయిన ఇల్లొకటి మా వీధిలోనే వుంది.

ఆ ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురు. తల్లిదండ్రుల షష్టిపూర్తికి ముగ్గురూ మూడు కెమెరాలతో ఫొటోలు తీశారు. తరువాత రెండేళ్ళకు ఆ తల్లి కాలం చేసింది. సంవత్సరీకానికి ఫొటోలన్నీ ఒకచోట చేరుద్దామని ఇంట్లో కుర్రవాడు మూడు కార్డులూ ఒకే ఫోల్డరులోకి దించాడు. "ఈ పేరుతో ఇదివరకే ఒకటి వుంది, దాని స్థానంలో దీన్ని వుంచమంటారా?" అని కంప్యూటరు అడిగింది. కుర్రవాడు అవునన్నాడు. అడిగినన్నిసార్లూ అవునన్నాడు. పని అయిందనుకుని కార్డులు కూడా తుడిచేశారు. పీటల మీద కూర్చుని ఆవిడ నవ్విన ఫొటో ఒకటి చిన్నకొడుకు తీశాడట. ఇప్పుడు ఆ అంకె మీద వున్నది భోజనాల బంతి. "ఏమన్నా చేయగలరేమో చూడండి" అని నన్ను పిలిచారు. వెళ్ళి చూశాను గాని, చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఇందులో కుర్రవాణ్ణి అనవలసిందేమీ లేదు. కెమెరాలు పేర్లు పెట్టే పద్ధతే అలాంటిది. 1998లో జపానులో కెమెరాల కోసం ఒక నియమం ఏర్పరిచారు. పేరులో నాలుగు అక్షరాలు, ఆ వెనక నాలుగు అంకెలు. 0001 నుంచి 9999 వరకు. అది అయిపోతే మళ్ళీ 0001. మన సంవత్సరాల పేర్లూ ఇంతే గదా! 1962లో వచ్చిన శుభకృతు 2022లో మళ్ళీ వచ్చింది. ఉత్త శుభకృతు అంటే ఏ శుభకృతు అని అడగవలసి వస్తుంది. అందుకే శాసనాలు చెక్కించినవారు సంవత్సరం పేరుతోపాటు శకవర్షం అంకె కూడా వేయించేవారు. మన ఫొటోలకూ ఆ అంకె కావాలి.

సంతోషించవలసిన విషయమేమంటే, ఆ అంకె ఫొటోలోనే వుంది. 1995లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల అభివృద్ధి సంఘంవారు 'ఎక్సిఫ్' అనే పద్ధతి ప్రకటించారు. దాని ప్రకారం కెమెరా బొమ్మతోపాటు కొన్ని వివరాలు లోపల రాసి పెడుతుంది. ఏ కెమెరా, ఎంతసేపు తెరుచుకుంది, ముఖ్యంగా ఏ సంవత్సరం, ఏ నెల, ఏ తేదీ, ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు తీసింది. అట్ట వెనక పెన్సిలు రాత వంటిదే ఇది కూడాను. దాన్ని లోపలి నుంచి తీసి పేరుగా పెట్టడమే మనం చేయవలసిన పని.

అయితే ఫైలు పక్కన కంప్యూటరు చూపించే తేదీని చూసి మోసపోకండి. అవి రెండు మూడు రకాలు. ఫైలును ఒకచోటి నుంచి మరొకచోటికి నకలు చేస్తే, 'సృష్టించిన తేదీ' అని నకలు చేసిన రోజు పడుతుంది. ఫొటోను కాస్త తిప్పి దాచుకున్నా 'మార్చిన తేదీ' మారుతుంది. మనకు కావలసింది 'తీసిన తేదీ'.

వేల ఫొటోలకు ఒక్కొక్కటిగా పేర్లు మార్చడం మనవల్ల అయ్యే పని కాదు. ఈ పని ఒక్కసారిగా చేసిపెట్టే ఉచిత సాధనాలు వున్నాయి. కెనడాకు చెందిన ఫిల్ హార్వే 2003లో విడుదల చేసిన 'ఎక్సిఫ్‌టూల్' వాటిలో పేరు పొందింది. దానికి ఆజ్ఞలు టైపు చేయాలి. విండోస్‌లో మీటలు నొక్కి చేసుకోవాలనుకుంటే 'ఇర్ఫాన్‌వ్యూ' వుంది. సాధనం ఏదైనా, చెప్పవలసింది ఒకటే: తీసిన తేదీని ముందు, సమయాన్ని తరువాత పేరుగా పెట్టమని.

పేరు ఇలా వుండాలి: 2024-02-18_19-42-05. సంవత్సరం ముందు, తరువాత నెల, ఆ తరువాత రోజు. మన అలవాటు ప్రకారం రోజు ముందు రాస్తే, అన్ని నెలల ఒకటో తేదీలూ ఒకచోట, రెండో తేదీలూ ఒకచోట చేరి, పెళ్ళి తరువాత నిశ్చితార్థం వస్తుంది! కంప్యూటరు ఎడమవైపు నుంచి చదివి వరస పెడుతుంది మరి. గంటల మధ్య రెండు చుక్కలు పెట్టబోకండి, విండోస్ ఒప్పుకోదు. తలంబ్రాల సమయంలో ఒక్క సెకనుకే రెండు మూడు ఫొటోలు పడతాయి కనుక, అలాంటప్పుడు చివర వరస అంకె చేర్చమని కూడా ముందే చెప్పాలి.

పని మొదలుపెట్టే ముందు మూడు జాగ్రత్తలు. మొదటిది, అన్నిటికీ ఒక నకలు తీసి వేరే డిస్కులో దాచండి. రెండవది, ఒక్కొక్క కెమెరా ఫొటోలు ఒక్కొక్క ఫోల్డరులో వుంచి, పేర్లు మారిన తరువాతే కలపండి. మూడవది, ముందు పది ఫొటోల మీద ప్రయోగించి చూడండి.

ఇక కెమెరా గడియారం సంగతి. ఫోను తన సమయం తానే సరిదిద్దుకుంటుంది గాని, కెమెరా గడియారం మనం పెట్టినట్టే వుంటుంది. న్యూయార్కు నుంచి పెళ్ళికి వచ్చిన మేనత్త కొడుకు కెమెరాలో అక్కడి సమయమే నడుస్తూ వుంటుంది. చలికాలంలో అది మనకు పదిన్నర గంటలు వెనక. రాత్రి పదిన్నరకు కట్టిన మంగళసూత్రం మధ్యాహ్నం పన్నెండింటికి కట్టినట్టు కనిపిస్తుంది. దీనికి మన ఇళ్ళలోనే ఒక ఉపాయం వుంది. అన్ని కెమెరాలూ తప్పకుండా పట్టుకునే క్షణం జీలకర్ర బెల్లం. ఒక ఫోనులో ఆ ఫొటో సమయం చూడండి, కెమెరాలో అదే ఫొటో సమయం చూడండి. తేడా ఎంతో తెలుస్తుంది. ఆ తేడాను ఆ కెమెరా ఫొటోలన్నిటికీ ఒకేసారి కలపమని ఎక్సిఫ్‌టూల్‌కు చెప్పి, ఆ తరువాత పేర్లు మార్చండి. శుభలేఖలోని ముహూర్తంతో కూడా సరిచూసుకోవచ్చు. పురోహితులవారు సకాలంలో వచ్చివుంటే!

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల సంగతి వేరు. ఫొటోగా పంపితే లోపలి తేదీ దారిలోనే రాలిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో దాని పేరులో తేదీ కనిపించినా, అది మీకు అందిన రోజు. తీసిన రోజు కాదు. కనుక బంధువులను అడిగేటప్పుడు, "ఫొటోగా వద్దు, డాక్యుమెంటుగా పంపు నాయనా" అని అడగండి. అప్పుడు లోపలి రాత చెడకుండా వస్తుంది.

పాత ఫొటోలను స్కాను చేయించినప్పుడు, లోపల తేదీ పడితే అది స్కాను చేసినరోజుదే అవుతుంది. 1962 నాటి అమ్మమ్మ పెళ్ళి 2020లో జరిగినట్టు వుంటుంది! వీటిని మిగతావాటితో కలపకుండా వేరే ఫోల్డరులో వుంచి చేత్తో పేరు పెట్టాలి. నెల, రోజు తెలియకపోతే 1962-00-00 అని పెట్టండి. వరసలో తన చోట తాను కూర్చుంటుంది. తేదీ పూర్తిగా తెలిసిననాడు దిద్దుకోవచ్చు. అట్ట వెనక రాత వుంటే దాన్ని కూడా మరొక ఫొటో తీసి పక్కనే వుంచండి.

కెమెరా రాసుకున్న తేదీలను మరికొన్నాళ్ళ తరువాత వెతికినా, ఫైలు క్షేమంగా వుంటే అవి దొరుకుతాయి. పాత ఫొటోల తేదీలు మాత్రం ఇంట్లో పెద్దవారి జ్ఞాపకంలోనే వున్నాయి. కనుక ఈ ఆదివారం కంప్యూటరు పని పిల్లలకు అప్పగించి, మీరు ఆ పాత ఫొటోలు తీసుకుని అమ్మమ్మ పక్కన కూర్చోండి. ఒక్కొక్కటీ చూపించి అడగండి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.