ఆ మైళ్ళు ఎవరివి?

మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఈమధ్య ఒక కొత్త ముచ్చట వినపడుతోంది. విమానం కంపెనీ ఇచ్చిన మైళ్ళు కూడబెట్టి హైదరాబాద్ నుంచి ముంబైకి బిజినెస్ క్లాసులో వెళ్ళొచ్చామని, పన్నులు తప్ప పైసా పెట్టలేదని చెప్పుకోవడం. చెప్పేవారి ముఖంలో గర్వం, వినేవారి ముఖంలో మెచ్చుకోలు. ఎంత తెలివైనవాడో అని.

అదే ఇళ్ళల్లో, అదే నోళ్ళతో, ఆర్టీసీ బస్సులో జీరో టికెట్టు మీద ప్రయాణం చేసే ఆడవాళ్ళ గురించి ఏమంటున్నారో కూడా మనం వింటూనే ఉన్నాం. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. ఆ రోజు నుంచీ వెటకారాలే. పనీపాటా లేక తిరుగుతున్నారట. ఉచితాలకు అలవాటు పడ్డారట. బస్సులో కూచుని వెల్లుల్లిపాయలు ఒలుచుకుంటున్నారట! ప్రయాణం చేసే ఆ గంట కూడా వంటింటి పని ఆమెని వదల్లేదని, అందులో నవ్వాల్సిందేమీ లేదని ఒక్కరికైనా తోచిందా?

డబ్బు కట్టకుండా ప్రయాణించడం ఒకరికి తెలివి, ఇంకొకరికి సిగ్గులేనితనం ఎట్లా అయింది?

ముందు ఆ సీటు సంగతి చూద్దాం. పదిహేను గంటల ప్రయాణంలో బిజినెస్ క్లాసు అంటే నడుం వాల్చుకునే పడక. నిద్ర. అది ఒంటికి అవసరమని ఒప్పుకోవచ్చు. ముంబైకి విమానం గాలిలో ఉండేది గంటంబావో, గంటన్నరో. పైకి లేవడానికి కొంత, దిగడానికి కొంత పోగా మిగిలే సమయంలో పింగాణీ పళ్ళెంలో పెట్టింది తినడం కూడా హడావిడే. అంత చిన్న ప్రయాణంలో ఆ సీటు ఇచ్చే సుఖం ఏపాటిది? అది ఇచ్చేది హోదా. అందరికంటే ముందు పిలుస్తారు. వెనక్కి వెళ్ళేవాళ్ళంతా మనల్ని చూసుకుంటూ వెళ్తారు. తర్వాత మధ్యలో తెర లాగుతారు. ముందున్న మరుగుదొడ్డి ఆ కొద్దిమందికే. దూరం తగ్గేకొద్దీ సుఖం పలచబడి, దర్జా ఒక్కటే మిగులుతుంది.

ఆ దర్జాకి పెట్టుబడి ఎవరిది? అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో మైళ్ళ పథకం మొదలుపెట్టింది. అక్కణ్ణించి అది అన్ని దేశాలకీ పాకింది. ఆఫీసు పని మీద తిరిగేవాడికి టికెట్టు ఆఫీసు కొంటుంది, మైళ్ళు మాత్రం అతని పేరున పడతాయి. మన కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల విషయంలో ఈ తిరకాసు గమనించింది. అధికారిక ప్రయాణాల్లో వచ్చిన మైళ్ళని అధికారిక ప్రయాణాలకే వాడాలని ఆదేశాలిచ్చింది. అంటే, టికెట్టు డబ్బు పెట్టినవారికి ఆ మైళ్ళ మీద హక్కుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. సంతోషం. మరి డబ్బు కాకుండా బతుకు పెట్టినవాళ్ళ హక్కు?

నెలకి పది రోజులు ఊళ్ళు తిరిగే మనిషి ఇంట్లో ఆ పది రోజులు ఏం జరుగుతుందో మనకి తెలియంది కాదు. పిల్లల జ్వరాలు, అత్తగారి మందులు, గ్యాసు బండ, స్కూలు మీటింగు, తెల్లవారుజామున నాలుగు గంటలకి అతను బయల్దేరే ముందు కాఫీ, ఇస్త్రీ బట్టల పెట్టె. ఈ పనులు చేసే మనిషి ఉండబట్టే అతను ఎగరగలిగాడు. 2024లో ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, పురుషులు 88 నిమిషాలు. అది కూడా ఆ పని చేస్తున్నవాళ్ళ సగటు మాత్రమే. అసలు చెయ్యని మగవాళ్ళు ఆ లెక్కలోకే రారు. అతను ఎగిరిన ప్రతి మైలుకీ లెక్క ఉంది. ఆమె నిలబడిన నిమిషాలకి ఏ ఖాతా ఉంది?

ఇప్పుడు ఎగరకుండానే క్రెడిట్ కార్డు మీద కూడా మైళ్ళు వస్తున్నాయి. భార్యకి అదనపు కార్డు ఇప్పిస్తారు. పప్పూ ఉప్పూ, పిల్లల ఫీజులు, మందులు ఆమె ఆ కార్డు మీదే కొంటుంది. బేరమాడి, ధరలు పోల్చి, మోసుకొచ్చేది ఆమె. పాయింట్లు పడేది అసలు కార్డుదారుడి ఖాతాలో. చివరికి పెళ్ళిరోజున ఆ మైళ్ళతోనే ఆమెకి బిజినెస్ క్లాసు సీటు కానుకగా వస్తుంది! ఆమె శ్రమ ఆమెకే బహుమతి అయి తిరిగొస్తే, ఆమె కృతజ్ఞతతో మురిసిపోవాలి. పితృస్వామ్యం ఇంతకంటే చక్కగా లెక్కలు రాయగలదా?

తన ఉద్యోగంతో తనే మైళ్ళు సంపాదించుకున్న స్త్రీ మాటేమిటని అడుగుతారు. ఆమె ఆ సీట్లో కూచుంటే నాకు అసూయ లేదు. జన్మలో మొదటిసారి ఎవరో తనకి వేడివేడిగా వడ్డిస్తే ఆమె కళ్ళు చెమర్చడం కూడా నాకు అర్థమవుతుంది. కానీ దాన్ని సాధికారత అనకండి. ఆ పథకాల్లో హోదాని ఏడాది లెక్కన కొలుస్తారు. పురుటికనో, పసిబిడ్డకోసమనో ఏడాది ఇంట్లో ఉంటే మెట్టు దిగాల్సిందే. అక్కడక్కడా ఇచ్చే మినహాయింపులు ఆ కొలతని మార్చవు. ఆటంకం లేకుండా తిరగగలిగిన మగవాడి జీవితమే అక్కడ కొలమానం.

పైగా ఆమెకి వడ్డిస్తున్నదెవరు? ఎక్కువసార్లు ఇంకొక స్త్రీయే. మైళ్ళ పథకం పుట్టిన ఆ 1981లోనే నర్గేష్ మీర్జా కేసులో మన సుప్రీంకోర్టు ఎయిర్ హోస్టెస్‌ల బతుకు మీద తీర్పు చెప్పింది. మొదటిసారి గర్భం రాగానే ఉద్యోగం తీసెయ్యాలన్న నిబంధనని కొట్టేసింది. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకోకూడదన్న దాన్నీ, 35 ఏళ్ళకే విరమణ అన్న దాన్నీ మాత్రం తప్పు కాదంది. అదే విమానంలో పనిచేసే మగ పర్సర్లకి విరమణ వయసు 58. కూచునేవాళ్ళకి విధేయతకి బహుమతులు, నిలబడి వడ్డించేవాళ్ళకి వయసుకి శిక్షలు. ఆ నిబంధనలు పోవడానికి స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడాల్సొచ్చింది. సాధికారత అనే మాట ఆ పోరాటానిది. వెడల్పు సీటుకి దాన్ని అంటగట్టొద్దు.

ఇంకొక వాదన ఉంది. బస్సుకి జనం పన్నుల సొమ్ము పోతోంది, మైళ్ళు కంపెనీ సొంత వ్యవహారం కదా అని. అట్లాగా? ఉద్యోగి తిరిగిన టికెట్టుని కంపెనీ వ్యాపార ఖర్చుగా చూపించి ఆ మేరకి ఆదాయపు పన్ను తగ్గించుకుంటుంది. ఇక విమానాలకి రాయితీలే లేవా? 2016లో ప్రకటించిన ఉడాన్ పథకం కింద కొన్ని మార్గాల్లో గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి పెట్టి, తక్కువపడింది పూడ్చారు. అందులో రాష్ట్రాల వాటా కూడా ఉంది. 2017 ఏప్రిల్ 27న మొదలైన కడప-హైదరాబాద్ విమానం అట్లాంటిదే. మంచిదే, ఎగరనివ్వండి. కానీ అందులో ఎక్కినవాళ్ళని ఉచితాల బతుకులని ఎవరూ ఈసడించలేదే! బస్సెక్కి కూలికీ, కాలేజీకీ, ఆసుపత్రికీ, అమ్మగారింటికీ వెళ్ళే ఆడదానికే ఆ మాట దాచిపెట్టారు.

జీరో టికెట్టు ఎవరి దయా కాదు. వందల ఏళ్ళుగా లెక్కలోకి రాని పనికి ఆలస్యంగా, అరకొరగా వస్తున్న బాకీ. ఇక మీ ఇంట్లో మైళ్ళ మాట వచ్చినప్పుడు ఆ ఖాతా తెరిచి చూపించమని అడగండి. అదనపు కార్డు మీద మీరు కొన్న సరుకుల పాయింట్లు ఎన్నో, వాటితో ఎవరు ఎక్కడికి వెళ్ళాలో తేల్చడంలో మీ మాటెంతో అడగండి. కానుక అంటే ఒప్పుకోకండి, వాటా అనండి. అదే గదిలో ఎవరైనా ఉచిత బస్సు మీద జోకు వేస్తే, మర్యాద కోసం నవ్వడం మానండి.