ప్రశ్నపత్రం మీరే రాయండి

ఎంపీసీ పిల్లలూ, మీతోనే మాట. బిట్లు పెట్టడంలో మిమ్మల్ని మించినవాళ్లు లేరు. ఎంట్రెన్సు పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 40 ఫిజిక్సువి, ఒక్కోదానికి నాలుగేసి జవాబులు. ఆ నాలుగింట్లో ఏది సరైనదో ప్రశ్న రాసినాయనకు ముందే తెలుసు. ఆయనకు తెలిసిన సంగతిని మీరు మళ్లీ ఆయనకే అప్పజెబుతారు. ఆ సాధనను నేను తక్కువ చేయను, దానివల్ల లెక్క చేతికి పట్టుబడుతుంది. కానీ ఫిజిక్సంటే ఇంతే కాబోలనుకుని పుస్తకం మూసేస్తున్నారే, అక్కడే నా గోల. జవాబు ఈ భూమ్మీద ఒక్కరికీ తెలియని ప్రశ్నలు వేయడానికే మనుషులు కొన్ని యంత్రాలు కట్టుకున్నారు. అవే కణ త్వరణ యంత్రాలు, యాక్సిలరేటర్లు. అక్కడ ర్యాంకు ఎవరూ అడగరు. పేచీకోరులు కావాలి.

ఆ యంత్రాలు పుట్టిందే ఒక పేచీలోంచి. 1909లో మాంచెస్టర్‌లో అర్నెస్ట్ మార్స్‌డెన్ అనే 20 ఏళ్ల కుర్రాడు, ఇంకా డిగ్రీ కూడా పూర్తికానివాడు, గైగర్‌తో కలిసి పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలు వదిలాడు. అన్నీ దూసుకుపోతాయనుకుంటే కొన్ని వెనక్కి తిరిగొచ్చాయి. ఎందుకొచ్చాయా అని బుర్ర బద్దలు కొట్టుకుని, పరమాణువు నడుమ కేంద్రకం ఉందని 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చాడు. మీ పాఠంలో ఇదంతా అరపేజీ. ఆ అరపేజీలో రాయని ఇబ్బంది ఒకటుంది. ఆ ఆల్ఫా కణాలు రేడియోధార్మిక పదార్థంలోంచి వాటంతట అవే వచ్చేవి. ఎన్ని రావాలో, ఎంత శక్తితో రావాలో, ఏ దిక్కుకు పోవాలో ఏదీ మనిషి చేతిలో లేదు. 1927లో రాయల్ సొసైటీ అధ్యక్ష స్థానం నుంచి రూథర్‌ఫర్డ్ నోరు తెరిచి అడిగేశాడు: వీటికన్నా ఎంతో శక్తిగల కణాలు, పుష్కలంగా, మనమే తయారుచేసుకోవాలని. ప్రకృతి విదిల్చినదానితో సరిపెట్టుకోననడమే ఈ శాస్త్రానికి పునాదిరాయి.

అడిగిన పెద్దాయన అడిగాడు. చేసింది కుర్రాళ్లు. కేంద్రకంలో దూరాలంటే ప్రోటాన్‌కు అలవిమాలిన వోల్టేజీ కావాలని పాత లెక్క. అంత అక్కర్లేదని, క్వాంటం నియమాల ప్రకారం తక్కువ శక్తితోనూ ఆ గోడ దాటే అవకాశం ఉందని గామోవ్ 1928లో సూత్రీకరించాడు, అప్పటికి అతని వయసు 24. ఆ ధైర్యంతోనే కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ప్రయోగశాలలో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ యంత్రం కట్టారు. గొట్టంలోకి గాలి చొరబడే సందులకు పిల్లలు బొమ్మలు చేసుకునే ప్లాస్టిసీన్ మెత్తారు. 1932 ఏప్రిల్ 14న, 28 ఏళ్ల వాల్టన్ లిథియం మీదికి ప్రోటాన్లు వదిలి, యంత్రం అడుగున ఉన్న గూట్లోకి పాక్కుంటూ వెళ్లి తెర చూశాడు. చుక్కలు చుక్కలుగా మెరుపులు. లిథియం కేంద్రకం రెండు హీలియం కేంద్రకాలుగా చీలిపోయింది. తగ్గిన ద్రవ్యరాశికీ వెలువడిన శక్తికీ లెక్క వేస్తే ఐన్‌స్టీన్ సమీకరణం సరిగ్గా సరిపోయింది.

అటు అమెరికాలో లారెన్స్ కథ మరీ సరదా. 1929లో వీడరో అనే నార్వే ఇంజనీరు రాసిన వ్యాసం అతని చేతికొచ్చింది. అది జర్మన్‌లో ఉంది, లారెన్స్‌కు జర్మన్ అంతంతమాత్రం. బొమ్మలు చూసి విషయం పట్టేశాడు. (ఇంగ్లిష్ మీడియం రాదని కుంగిపోయేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.) కణాన్ని అయస్కాంతంతో గుండ్రంగా తిప్పి, ప్రతి చుట్టులోనూ చిన్న తోపు తోస్తే చాలుననుకున్నాడు. అతని పరిశోధక విద్యార్థి లివింగ్‌స్టన్ దాన్ని చేసి చూపించాడు. నాలుగున్నర అంగుళాల ఇత్తడి పెట్టె, అతుకులకు లక్క. రెండు వేల వోల్టుల లోపుతోనే హైడ్రోజన్ అయాన్లు 80 వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అందుకున్నాయి. అది 1931 జనవరి. సైక్లోట్రాన్ అలా పుట్టింది.

అరచేతిలో పట్టే యంత్రం జెనీవా పక్కన సెర్న్ ప్రయోగశాలలో నేలకింద 27 కిలోమీటర్ల సొరంగం ఎందుకైంది? మొదటి కారణం చూపు. మన కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం పరమాణువు కన్నా వేల రెట్లు పెద్దది. చేతికి బొంత చుట్టుకుని సూదిబెజ్జం తడిమితే ఏం తెలుస్తుంది? కణం ద్రవ్యవేగం పెరిగితే దాని తరంగదైర్ఘ్యం తగ్గుతుందని డి బ్రోలీ పాఠంలో చదివే ఉంటారు. శక్తి పెంచేకొద్దీ చూపు సన్నబడుతుంది. 1960ల చివర స్టాన్‌ఫర్డ్‌లో మూడు కిలోమీటర్ల గొట్టంలో ఎలక్ట్రాన్లను పరుగెత్తించి ప్రోటాన్ మీదికి వదిలితే, అవి లోపల ఏవో చిన్న గట్టి బిందువులకు తగిలి చెదిరాయి. మార్స్‌డెన్ చూసిందే మళ్లీ, ఈసారి ఒక అంతస్తు లోతున. ఆ బిందువులే క్వార్కులు.

రెండో కారణం ఇంకా వింతైనది. ప్రోటాన్లను పగలగొట్టి లోపలున్నవి బయటికి తీస్తారని చాలామంది అనుకుంటారు. టీవీ వాళ్లూ అలాగే చెబుతారు. సగమే నిజం. ఢీకొన్న చోట శక్తి ద్రవ్యరాశిగా మారుతుంది, అంతకు ముందు అక్కడ లేని కణం కొత్తగా పుడుతుంది. 1955లో బర్క్‌లీలో యాంటీప్రోటాన్ అలాగే పుట్టింది. 1983లో సెర్న్‌లో డబ్ల్యూ, జెడ్ బోసాన్లు. 1995లో ఫెర్మీల్యాబ్‌లో టాప్ క్వార్క్, అదొక్కటే దాదాపు బంగారు పరమాణువంత బరువు. వీటిలో చాలావరకు విశ్వం పుట్టిన తొలిక్షణాల్లో ఉండి మాయమైనవి. వాటి ముఖం చూడాలంటే మళ్లీ పుట్టించడమొక్కటే దారి. అందుకే లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ప్రోటాన్లు సెకనుకు 11 వేల చుట్లు తిరుగుతాయి, వాటిని వంచే అయస్కాంతాలను 1.9 కెల్విన్‌కు, అంటే తారల నడుమ శూన్యం కన్నా చల్లగా, ఉంచుతారు. 1964లో కాగితం మీద పుట్టిన హిగ్స్ బోసాన్ 2012 జులై 4న దొరికిందని ప్రకటించారు. కాగితం నుంచి కంటిదాకా 48 ఏళ్లు. మధ్యలో 2008లో యంత్రం మొదలైన తొమ్మిది రోజులకే ఒక అతుకు చెడి, హీలియం చిమ్మి, పదుల అయస్కాంతాలు పాడయ్యాయి. ఏడాదికి పైగా బాగుచేసుకుని మళ్లీ నడిపారు.

ఇంత చేస్తే ఏం లాభమని మీ ఇంట్లోనే అడుగుతారు. అప్పుడు చాలామంది తడుముకుని, వరల్డ్ వైడ్ వెబ్ సెర్న్‌లోనే పుట్టిందనీ క్యాన్సర్ ఆసుపత్రుల్లో వాడే లీనాక్ కూడా యాక్సిలరేటరేననీ చెబుతారు. నిజాలే. కానీ వాటిని అడ్డం పెట్టుకోకండి. అవి పనిలో పనిగా వచ్చినవి. పదార్థం దేనితో తయారైంది, ఈ నియమాలే ఎందుకున్నాయి అని తెలుసుకోవడమే ఆ యంత్రాల పని. ఆ మాట తల వంచుకోకుండా చెప్పండి.

హిగ్స్ తర్వాత ఏముంది, కొండను తవ్వి ఎలుకను పట్టారనే పెదవివిరుపూ వింటారు. సగం న్యాయమే. ఎంతోమంది ఆశపడ్డ సూపర్‌సిమెట్రీ కణాలు ఇంతవరకు కనబడలేదు. నాకు మాత్రం ఇది మీ అదృష్టంలా తోస్తుంది. పెద్దవాళ్ల ఊహలు తప్పాయంటే బల్ల ఖాళీగా ఉందన్నమాట. గెలాక్సీలను పట్టి ఉంచుతున్న కృష్ణపదార్థం దేనితో తయారైందో తెలియదు. న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఎక్కడిదో తెలియదు. మొదట్లో పదార్థమూ ప్రతిపదార్థమూ సమానంగా పుట్టి ఉంటే పదార్థమే ఎలా మిగిలింది, మనమెలా ఉన్నాం? ప్రోటాన్ తెగకు చెందిన బేరియాన్లలో ఈ రెంటి ప్రవర్తనకూ తేడా ఉందని సెర్న్ ప్రయోగం ఒకటి తొలిసారి చూపింది 2025లో. ఆ తేడా మన ఉనికిని వివరించడానికి చాలదు. మిగతాది ఎవరో ఒకరు వెతకాలి.

మనవాళ్లకిది అందేదేనా అని సందేహిస్తే, పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు గురించి తెలుసుకోండి. హిమాలయాల్లో యోగసాధన చేసి స్వామి జ్ఞానానంద అయ్యాడు. 30 దాటాక ఐరోపా వెళ్లి ఫిజిక్సులో పడ్డాడు. ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద పనిచేశాడు, లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పరిశోధన చేశాడు. 1947లో అధిక శూన్యం మీద ఇంగ్లిష్‌లో పెద్ద గ్రంథం రాశాడు. గొట్టంలో గాలి ఉంటే కణం రెండడుగులు కూడా తిన్నగా పోదు, కనుక శూన్యం రాబట్టే విద్య లేనిదే ఏ యాక్సిలరేటరూ లేదు. విశాఖకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్సు ప్రయోగశాల నిలబెట్టాడు. ఈనాటికీ అది ఆయన పేరుతోనే ఉంది. కాషాయం కట్టినవాడు ఆ వయసులో మొదలుపెట్టగలిగితే, 17 ఏళ్లకే ఆలస్యమైపోయిందని బెంగపడటం మీకు తగదు.

ఆ జెనీవా సొరంగంలో మన దేశపు చేతిపని కూడా ఉంది. ఒక్కోటి దాదాపు 35 టన్నుల అయస్కాంతాలను మిల్లీమీటరులో చిన్న పాలు తేడా లేకుండా నిలబెట్టే జాక్‌లు, సుమారు 7 వేలు, భారతదేశం నుంచి వెళ్లాయి. 2017 నుంచి మనం సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశం. ఇండోర్‌లో ఇండస్-2 యాక్సిలరేటర్ ఉంది, కోల్‌కతాలో సైక్లోట్రాన్ ఉంది. ఢిల్లీలోని అంతర్ విశ్వవిద్యాలయ కేంద్రంలో ఏ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి అయినా బీమ్ టైమ్‌కు, అంటే కణపుంజం వాడుకునే సమయానికి, దరఖాస్తు పెట్టవచ్చు. ఫెర్మీల్యాబ్ నుంచి 810 కిలోమీటర్లు నేలలోంచి న్యూట్రినోలను పంపే నోవా ప్రయోగంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ భాగస్వాములు. బడిపిల్లలు ప్రయోగం ఊహించి పంపితే గెలిచిన జట్టుకు నిజమైన బీమ్ ఇచ్చే పోటీని సెర్న్ నడుపుతోంది. 2018లో గెలిచిన రెండు జట్లలో ఒకటి ముంబై బడి పిల్లలది. మన జిల్లా పరిషత్ హైస్కూలు నుంచి ఎందుకు వెళ్లకూడదు?

ఎంట్రెన్సులో మంచి ర్యాంకు రాకపోయినా సరే. యాక్సిలరేటర్ల దగ్గర వెల్డింగు తెలిసినవాళ్లు కావాలి, అతిశీతల యంత్రాలు నడిపేవాళ్లు కావాలి. సెకనుకు కోట్ల కొద్దీ ఢీకొట్టుళ్లలో ఏది దాచాలో ఏది పారేయాలో మైక్రోసెకన్లలో తేల్చే ఎలక్ట్రానిక్స్ కట్టేవాళ్లూ కావాలి. మీరు వెళ్లేది సాఫ్ట్‌వేర్‌కే అయితే ఆ సాఫ్ట్‌వేర్‌కూ అక్కడ చోటుంది.

ముందు ఈ సెలవుల్లో ఒక పని చేయండి. సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో, లార్జ్ హాడ్రాన్ కొలైడర్ మీద నడిచే సీఎంఎస్ ప్రయోగం కొలతలు ఉచితంగా ఉన్నాయి. రెండు మ్యూయాన్లు (ఎలక్ట్రాన్‌కు బరువైన చుట్టాలు) పుట్టిన ఘటనల ఫైలు దించుకోండి. ఒక్కో జతకు మొత్తం శక్తి, మొత్తం ద్రవ్యవేగం లెక్కగట్టి, వాటి నుంచి ద్రవ్యరాశి రాబట్టండి. ఇంటర్ సదిశలు వస్తే సరిపోతుంది. పైథాన్ రాకపోతే తోటివాణ్ణి అడగండి, లేదా మీ చెల్లిని. గ్రాఫు గీస్తే 3.1 జీఈవీ దగ్గర ఒక శిఖరం లేస్తుంది, అది 1974లో రెండు ప్రయోగశాలలు ఒకేసారి కనిపెట్టిన కణం. 91 దగ్గర లేచేది జెడ్ బోసాన్. అవి రెండూ పుస్తకంలో ఉన్నవే. వాటి నడుమ ఉన్న చోటు చూసి, అక్కడ ఇంకేమీ లేదని మీకెవరు చెప్పారో మీ మాస్టారిని నిలదీయండి.