ముందటేటి ఆదాయము, ఈయేటి ఫీజు

అమెరికా దేశమున కళాశాలలో చేరు విద్యార్థికి ప్రభుత్వ సాహాయ్యము ఎంత లభింపవలయునో తేల్చు ఫాఫ్సా అను దరఖాస్తు, కుటుంబపు ఆదాయము నేడెట్లున్నదని విచారింపక, ముందటేటి టాక్స్ రిటర్నునే చూచును. 2026-27 విద్యాసంవత్సరమునకు 2024లో ఆర్జించిన సొమ్మే ఆధారము. పన్నుశాఖ లెక్కలనుండి అంకెలను నేరుగా గ్రహింపవచ్చుననియు, కుటుంబములు ముందుగానే దరఖాస్తు పెట్టుకొనవచ్చుననియు 2017-18 నుండి ఈ పద్ధతిని అమలుపరచిరి. ఆ సౌకర్యము కొంత సిద్ధించిన మాటయు నిజమే. అయితే, 2024లో నిండు జీతమందుకొన్న తండ్రి 2026 వేసవిలో లేఆఫ్ కాగితము చేతబట్టుకొని ఇంటికి వచ్చినపుడు, ఆ లెక్క దృష్టిలో అతడింకను సంపన్నుడే. ముందటేటి అంకెను కొట్టివేసి నేటి అంకెను వ్రాయుటకు ఆ దరఖాస్తులో వీలు లేదు.

ఈ చిక్కును చట్టకర్తలు ఎరుగకపోలేదు. ఉన్నత విద్యా చట్టము 479-ఏ విభాగమున, ప్రతి కళాశాలయందలి ఫైనాన్షియల్ ఎయిడ్ అధికారికి, ఒక్కొక్క విద్యార్థి పరిస్థితిని విడిగా విచారించి, తగిన పత్రాధారముతో లెక్కలోని అంకెలను సవరించు అధికారమును ఒసగిరి. కుటుంబములో ఒకరి ఉద్యోగము పోవుట, బీమా భరింపని వైద్యవ్యయము, నిలువనీడ లేకపోవుట మొదలగు కారణములు అందు పేర్కొనబడియే యున్నవి. ఇట్టి అదనపు సమాచారమును స్వీకరించినందుకు రుసుము గైకొనరాదనియు అందే యున్నది. 2020 డిసెంబరున ఆమోదింపబడిన సవరణ చట్టము, ఇట్టి వినతులనన్నిటిని మూకుమ్మడిగా త్రోసిపుచ్చు విధానమును ఏ కళాశాలయు అవలంబింపరాదనియు, పునఃపరిశీలన కోరు వీలున్నదని విద్యార్థులకు బహిరంగముగా తెలుపవలయుననియు శాసించినది. చట్టమే కల్పించిన ఈ వీలును వినియోగించుకొను కుటుంబమును యాచకులలో జమకట్టుటకు ఎవ్వరికిని అధికారము లేదు.

ఈ మాట అచ్చటి మన తెలుగువారికి ప్రత్యేకించి చెప్పవలసియున్నది. హెచ్-1బి వీసాపై నున్న ఉద్యోగికి కొలువు పోయిన పిదప సాధారణముగా లభించు గడువు గరిష్ఠముగా 60 దినములు. ఆ గడువులో వేరొక ఉద్యోగము వెదకుకొనుటా, కాలేజీకి ఉత్తరము వ్రాయుటా అని తల్లడిల్లు తండ్రికి, అమెరికాలో పుట్టిన తన కుమార్తె ఆ దేశపు పౌరురాలనియు, తన వీసా ఆమె ఫెడరల్ సాహాయ్యమునకు అడ్డు కాదనియు అనేక పర్యాయములు తోచదు. (హెచ్-4 ఆశ్రిత వీసాపై నున్న బిడ్డలకు ఆ సాహాయ్యము లేదు; అది వేరొక అన్యాయము, వేరొకనాడు వ్రాయదగినది.) అంతకు మించిన ఆటంకము మొగమాటము. కొలువు పోయిన సంగతిని స్వగ్రామములోని అన్నదమ్ములకే చెప్పుకొనని మనవారు, ముక్కుమొగమెరుగని అధికారికి ఎట్లు వ్రాయుదురు? అడుగనిదే అమ్మయైనను పెట్టదన్న సామెతను పుట్టించినది మనమే. అవసరము వచ్చినపుడు దానిని విస్మరించునదియు మనమే. పరువు దక్కించుకొనుటకై పదవీవిరమణ కొరకు దాచిన 401-కె సొమ్మును ముందుగా తీసి ఫీజు కట్టుదురు. దానిపై పన్ను పడును, సాధారణముగా నూటికి పది చొప్పున జరిమానాయు పడును; అది చాలదన్నట్లు, ఆ సొమ్ము ఆయేటి ఆదాయముగా రిటర్నునకెక్కి, రెండేండ్ల తరువాత ఫాఫ్సాలో వారికే ఎదురు నిలుచును.

అడుగు విధానము దుష్కరమైనది కాదు. మొదట దరఖాస్తును ముందటేటి అంకెలతోనే పంపవలయును. తరువాత ప్రతి కళాశాలకును వేరువేరుగా, ఒక పుటకు మించని ఉత్తరముతో, లేఆఫ్ పత్రమును, కడపటి జీతపు చీటిని, నిరుద్యోగ భృతి కాగితములను, కొలువునుండి తొలగించునపుడు సెవరెన్స్ క్రింద యజమానినుండి ముట్టిన మొత్తమును, ఈ సంవత్సరము రాగల ఆదాయపు అంచనాను జతపరుపవలయును. సెవరెన్సును దాచుట అవివేకము. అంకెలు సవరించినంతమాత్రమున సొమ్ము వచ్చితీరునని భ్రమింపరాదు: ఫెడరల్ ప్రభుత్వమిచ్చు పెల్ గ్రాంటు గరిష్ఠ పరిమితి 2025-26లో 7,395 డాలర్లు, దంపతులలో ఒకరి సాఫ్ట్‌వేరు జీతము నిలిచియున్న ఇంటికి అదియు అందకపోవచ్చును. అయినను కళాశాల తన సొంత నిధినుండి ఇచ్చు గ్రాంటు పెరుగుటకు అవకాశమున్నది.

మా ఆక్షేపణ కళాశాలలపైననే. చట్టము తెలుపుమన్నది కదాయని వెబ్‌సైటు మూలన ఒక వాక్యము ప్రకటించి చేతులు దులుపుకొను సంస్థ, చట్టపు అక్షరమును పాటించి ఆశయమును భంగపరచుచున్నది. అధికారి నిర్ణయమే తుది నిర్ణయము. దానిపై విద్యాశాఖకు అప్పీలు లేదు. అవే కాగితములపై ఒక కళాశాల ఔనని, మరియొకటి కాదని చెప్పవచ్చును. ప్రతి ఇంటి కష్టమును సూత్రములో ఇముడ్చుట అసాధ్యము గనుక విచక్షణాధికారము ఉండవలసినదే. కాని అప్పీలు లేని అధికారమునకు కారణము చెప్పు బాధ్యతయైనను ఉండవలదా? సిబ్బంది చాలరు, నిధులు పరిమితమని అధికారులు చెప్పు సమాధానములో సత్యము లేకపోలేదు. నిధుల కొరత గ్రాంటు మొత్తమును తగ్గించుటకు కారణము కావచ్చును. రెండు వాక్యముల జవాబు వ్రాయకుండుటకు కారణము కానేరదు.

కావున ఫీజు బిల్లుతోపాటే పునఃపరిశీలన సమాచారము ప్రతి కుటుంబమునకు చేరవలయును. నిరాకరించినపుడు కారణమును లిఖితపూర్వకముగా తెలిపి, కోరినచో అదే కార్యాలయమున వేరొక అధికారి ఆ కాగితములను మరల చూడవలయును. నిర్ణయము వెలువడువరకు ఆ విద్యార్థిపై ఆలస్యరుసుము విధింపరాదు, తరగతుల రిజిస్ట్రేషనును రద్దుపరుపరాదు.