విడిచిపెట్టడం విడుదల కాదు

మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే దారి నల్లమల అడవి గుండా సాగుతుంది. గిద్దలూరు నుంచి నంద్యాల చేరే ఘాట్ రోడ్డూ ఆ అడవిలోనిదే. దేశంలోని పులుల అభయారణ్యాలలో విస్తీర్ణం రీత్యా పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం మన ముంగిట ఉంది. సెలవు దినాల్లో కుటుంబాలు తుమ్మలబైలుకు, భైరవకోన జలపాతానికి, కంభం చెరువు కట్టకు తరలివెళ్తాయి. మనుషులు తిని వదిలిన అన్నం ఉన్నచోటికి కుక్కలు చేరతాయి.

ఇవి అడవి జీవులు కావు. వేల ఏళ్ల క్రితం మనిషి చేరదీసి, తన గడపకు అలవాటు చేసిన జాతి. పెంచలేక వదిలేసినవి కొన్నయితే, అలా వదిలినవాటి సంతానం మరికొన్ని. జనం ఉన్నంతకాలం వాటికి ఎంగిలి మెతుకులు దొరుకుతాయి. జనం తగ్గగానే ఆకలి మొదలవుతుంది. ఆ ఆకలితో అవి దుప్పి పిల్లలను తరుముతాయి, లేదా తామే చిరుతకు ఆహారమవుతాయి. రేబిస్, డిస్టెంపర్ వంటి వ్యాధులు కుక్కల నుంచి వన్యమృగాలకు సోకగలవు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు మరణించగా, వాటిలో కొన్నింటిలో డిస్టెంపర్ వైరస్ బయటపడింది.

పిల్లిని బంధించి, తిండి పెట్టక, తన ఆహారం తాను వెతుక్కోనీయక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలిపారు. వేటాడి బ్రతకగల పిల్లికి కట్టు విప్పడమే మేలు. మన చేతి అన్నానికి అలవాటుపడిన ప్రాణిని అడవి అంచున దించి రావడం మాత్రం విడుదల కాదు. ఆ స్త్రీ చేసినట్లే దానిని ఆకలికి అప్పగించడం.

"కుక్కను ఇంట్లో పెంచుకోము కదా, మనకేమి బాధ్యత?" అని కొందరు అడుగుతారు. వేటకు, మందకు, పొలం కాపలాకు కుక్కను ఉంచుకోవడానికి ధర్మం అనుమతించింది. ఇంట్లో ఉంచుకోకపోవడం దానిని హింసించడానికి అనుమతి కాదు. బావిలోకి దిగి, తోలు మేజోడు నిండా నీళ్లు తెచ్చి దప్పిగొన్న కుక్కకు తాపిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని హదీసు చెబుతోంది. ఆ కుక్క అతనిది కాదు.

అయితే కారు కిటికీలోంచి బిస్కెట్లు విసరడం ఆ కోవకు రాదు. ఆ వ్యక్తి కుక్క అవసరం గుర్తించి, శ్రమపడి తీర్చాడు. మనం విసిరే తిండి కుక్కకైనా కోతికైనా రోడ్డు మీద కాచుకొని ఉండడం నేర్పుతుంది. చివరికి అవి చక్రాల కింద నలుగుతాయి. దయకు వివేకం తోడు కావాలి.

జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. వీధికుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు, రేబిస్ టీకాలు చేయించే బాధ్యతను 2023 నియమాలు స్థానిక సంస్థలపై ఉంచాయి. ఆ పని జరగకపోతే మునిసిపాలిటీని, పంచాయతీని అడగడం మన వంతు. మంద కుక్కకు టీకా వేయించడం, పోషించలేని జంతువును మరొక యజమానికి అప్పగించడం, విహారంలో మిగిలిన ఆహారాన్ని మూటగట్టి వెనక్కి తేవడం ప్రతి కుటుంబమూ చేయగల పనులు.

మాటలురాని ఆ ప్రాణుల విషయంలోనూ మనం జవాబు చెప్పుకోవలసినవారమే. ఆ బాధ్యతను నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక.