ఒక ప్లగ్గు బిల్లుకు ప్రతిపదార్థ తాత్పర్యములు

ప్రబంధ పద్యాలకు ప్రతిపదార్థం చెప్పటమే మూడు పదుల ఏళ్ళు నా వృత్తి. పదవీ విరమణ తరువాత ఆ విద్య అక్కరకు రాదనుకునేవారు ఒక మోటారుసైకిలు షోరూము బిల్లును చదివి చూడాలి. మనుచరిత్రకైనా నిఘంటువు తోడు వస్తుంది గానీ దీనికి రాదు.

బిల్లు నాది కాదు. మానుకోట జిల్లాలో (కాగితాల మీద మహబూబాబాదు) అడవివైపు మండలంలో మిరప పండించుకునే నా పూర్వ విద్యార్థిది. అతని పేరూ, షోరూము పేరూ ఇక్కడ అప్రస్తుతం. ఏడేళ్ళనాటి నూరు సీసీ బండి ఒకనాటి ఉదయం కదలనని మొరాయించింది. కిక్కు కొట్టి కొట్టి విసిగి, ట్రాలీ ఆటోలో వేసుకొని పట్టణానికి పోయాడు. సాయంత్రానికి బండితో పాటు బిల్లూ చేతికి వచ్చింది.

మూలం ఇది: స్పార్కు ప్లగ్గు 128. లేబరు 180. కన్స్యూమబుల్స్ 45. జనరల్ చెకప్ 100. ఈ చివరి మూడింటి మీద 18 శాతం జీఎస్టీ 58.50. రౌండాఫ్ 0.50. వెరసి 512 రూపాయలు.

ఇక ప్రతిపదార్థం. లేబరు అనగా ప్లగ్గు మీది టోపీ లాగి, పానాతో పాతది విప్పి, కొత్తది బిగించి, టోపీ తొడుగుట. తీరుబడిగా చేసినా పది నిమిషాలు. కన్స్యూమబుల్స్ అనగా వాడుకలో ఖర్చయిపోయేవి అని వ్యుత్పత్తి. ఈ పనిలో ఖర్చయిపోయే వస్తువు ఏదని ఎంత ఆలోచించినా నాకు ఒక గుడ్డపీలిక తప్ప మరేదీ తట్టలేదు. జనరల్ చెకప్ అనగా బండిని ఎదుటినుండి ఒకసారి, వెనుకనుండి ఒకసారి చూచుట (ఇది నా విద్యార్థి చెప్పిన అర్థం, నేను కల్పించినది కాదు). జీఎస్టీ న్యాయమైన పన్నే. కాకపోతే మన చేతులతో మనం చేసుకున్న పనికి ఏ ప్రభుత్వమూ పన్ను వేయదని గుర్తుంచుకోవాలి. 512లోనుండి ప్లగ్గు వెల తీసివేస్తే మిగిలేది 384. అంటే సరిగ్గా మరి మూడు ప్లగ్గుల వెల! ఒక ప్లగ్గు కొని మూడు ప్లగ్గులు దక్షిణ ఇచ్చి వచ్చాడన్నమాట. పోతూ ట్రాలీ ఆటో కిరాయి ఇందులో లేదు. ఆనాడు మిరపకాయ ఏరటానికి పిలిచిన కూలీల దగ్గర రైతు లేకపోవటం వల్ల జరిగిన నష్టమూ లేదు. అది ఏ బిల్లులోనూ పడని పద్దు.

ఇంతవరకూ అయితే నేను ఈ టపా వ్రాసేవాణ్ణి కాదు. షోరూము అద్దె కట్టాలి, పనివారికి జీతాలివ్వాలి, వారి రేటు వారిది. నన్ను కలచివేసింది ఆ తరువాతి సంభాషణ. బండి పక్క డబ్బా తెరిచి చూస్తే కంపెనీవారిచ్చిన ప్లగ్గుపానా, కవరు కూడా విప్పకుండా, ఏడేళ్ళుగా నిద్రపోతున్నది.

"ఇది ఇంట్లనే ఉండె గదా, ఎందుకు తియ్యలేదు?" అన్నాను.

"చెయ్యి పెడితే వారంటీ పోతదన్నరు సార్."

"బండి కొని ఏడేండ్లాయె. ఇంకా ఏ వారంటీ?"

అతను తల వంచుకొని నవ్వాడు. వారంటీ ఎప్పుడో పోయింది, వారంటీ భయం మాత్రం పోలేదు! నా పోట్లాట ఆ 384 రూపాయలతో కాదు, ఈ భయంతో.

ఈ భయం దానంతట అదే పుట్టినది కాదు. కార్ల కంపెనీల విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో ఒక పెద్ద తీర్పు చెప్పింది. విడిభాగాలూ, మరమ్మతు పరికరాలూ, సమాచారమూ బయటి మెకానిక్కులకు అందనీయకుండా కట్టడి చేశారని 14 కంపెనీలకు మొత్తం 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. (జరిమానా సంగతి తరువాత పై మెట్లకు ఎక్కింది, ఆ కథ వేరు.) అదే ఆదేశంలో ఒక ముఖ్యమైన మాట ఉంది. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని గుండుగుత్తగా షరతు పెట్టరాదు. ఆ మరమ్మతులోని లోపం వల్ల ఏ భాగం చెడిందో అంతవరకే కాదనవచ్చు. 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడు డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. అందులో వాహనాల రంగమూ ఉంది. ఢిల్లీలో ఇన్ని జరిగాయి గానీ కొత్తగూడ అడవి దాకా వచ్చిన వార్త మాత్రం "చెయ్యి పెడితే పోతది" అన్నదొక్కటే.

పూర్వం ఇలా ఉండేది కాదు. రెండు స్ట్రోకుల బజాజ్ చేతక్ రోజుల్లో పెట్రోలులో ఆయిలు కలిపి పోసేవాళ్ళం. ఆ ఆయిలు మసికి ప్లగ్గు మాటిమాటికి మూసుకుపోయేది. జనగామ నుండి పల్లె బడులకు పోయే మేష్టర్లలో స్కూటరు ఉన్న ప్రతివాడి డిక్కీలోనూ హాజరుపట్టీ లేకున్నా ఒక పాత మైకో ప్లగ్గు, గరుకు కాగితం ముక్క ఉండేవి. (మైకో కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకున్నా మా తరం నాలుక మీద అది మైకోనే.) దారిపక్కన చింతచెట్టు కింద స్కూటరు ఆపి, ప్లగ్గు విప్పి, రుద్ది, ఊది, బిగించి బడికి చేరేవారు. తెలుగు మేష్టరూ చేసేవాడు, లెక్కల మేష్టరూ చేసేవాడు. అది ఒక విద్య అని కూడా ఎవరూ అనుకోలేదు. నాలుగు స్ట్రోకుల బళ్ళు వచ్చి ప్లగ్గు వేల కిలోమీటర్లు మన్నటం మొదలైంది. మంచిదే. అయితే అవసరం తగ్గగానే మన చేతులూ ఆ పనిని మరచిపోయాయి. (ఆ చేతక్ పేరు 2020లో విద్యుత్ స్కూటరుగా తిరిగి వచ్చింది. దానికి ప్లగ్గే లేదు!)

షోరూములో మార్పించుకుంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు, పాత ప్లగ్గు కూడా. దాన్ని తుక్కు డబ్బాలో పడేస్తారు. నా దృష్టిలో ఇది రోగి నాడి చూడకుండా మందివ్వటం. ప్లగ్గు చదువదగిన వస్తువు. దాని కొన తేనీటి రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్లు. పొడిమసి నల్లగా పట్టి ఉంటే పెట్రోలు పాలు ఎక్కువై గాలి చాలటం లేదన్నమాట. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిందేమో చూసుకోవాలి (మన మట్టిబాటల మీద సాధారణంగా ఇదే). తడిగా, నూనెనూనెగా ఉంటే ఇంజను ఆయిలు లోపలికి వచ్చి కాలుతున్నట్లు. అది రింగులదో వాల్వు సీళ్ళదో జబ్బు, కొత్త ప్లగ్గు వేసినా నెల తిరక్కుండా మళ్ళీ అదే కథ. తెల్లగా మాడి ఉంటే ఇంజను అతిగా వేడెక్కుతున్నట్లు, లేదా బండికి తగని నంబరు ప్లగ్గు వేసినట్లు. ఇన్ని సంగతులు చెప్పే అక్షరాన్ని చెత్తలో పడేసి, దానికి బదులు జనరల్ చెకప్ పేర నూరు రూపాయలు తీసుకోవటమా? నా విద్యార్థి ప్లగ్గు నల్లగా ఉందో తడిగా ఉందో అతనికి తెలియదు. కాబట్టి బండి మళ్ళీ ఎప్పుడు ఆగుతుందో కూడా తెలియదు.

"సగం తెలిసినవాడు చేయిపెడితే ఇంజను హెడ్డే పాడవుతుంది" అని షోరూమువారి వాదం. ఇది అబద్ధం కాదు. హెడ్డు అల్యూమినియంది, మెత్తని లోహం. ప్లగ్గును వంకరగా పెట్టి పానాతో బలవంతంగా తిప్పితే మరలు (షెడ్డు భాషలో చూడీలు) తెగిపోతాయి, అప్పుడు ఖర్చు వందల్లో ఆగదు. అయితే ఈ ప్రమాదానికి విరుగుడు ఒక్క వాక్యం: కొత్త ప్లగ్గును మొదట పానాతో కాదు, వేళ్ళతో తిప్పాలి. వేళ్ళకు సులువుగా దిగితే దారి సరైనది, దిగకపోతే వెనక్కు తీసి మళ్ళీ పెట్టాలి. చివరిదాకా దిగాక పానాతో సుమారు అరచుట్టు. అంతకు ముందు ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి, ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని ఊదెయ్యాలి, పాతదాని మీది నంబరే కొత్తదాని మీదా ఉందో లేదో చూడాలి. ఎనిమిదో తరగతి పిల్లవాడికి అర్థం కాని మాట ఇందులో ఒక్కటైనా ఉందా? నా విద్యార్థికి బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో ఇదంతా బొమ్మలతో సహా ఉంది... ఇంగ్లీషులో. జనసామాన్యానికి అందే జాను తెనుగును నెత్తిన పెట్టుకున్న సోమనాథుని పాలకుర్తి మా జనగామ జిల్లాలోదే. ఎనిమిది శతాబ్దాల కిందట శివకథకు తెలుగు చాలింది, ఈనాడు ప్లగ్గుకు చాలదా?

అన్ని పనులూ మనమే చేసుకోవాలని నేననను. 2020 ఏప్రిల్ నుండి వస్తున్న బీఎస్ సిక్స్ బళ్ళలో చాలావాటికి ఇంధన ఇంజెక్షన్ వ్యవస్థ ఉంది. అక్కడ తేడా వస్తే యంత్రం పెట్టి చూడవలసిందే. కొన్ని స్కూటర్లకు ప్లగ్గు కనబడాలంటే పక్క రేకులు విప్పాలి. పల్సర్ల వంటివాటికి ఒకే సిలిండరుకు రెండు ప్లగ్గులు. కార్లలో కొన్నింటికి అసలు చేయే దూరదు. అటువంటివి తెలిసినవారికే వదలాలి. తెలిసినవారంటే షోరూమువారే కానక్కరలేదు. వీధి చివర షెడ్డు మెకానిక్ విప్పిన ప్లగ్గును మన కళ్ళ ముందే పట్టి "చూడు సార్, ఎట్ల నల్లగైందో" అంటాడు. ఆ ఒక్క మాటకే నేను అతనికి యాభై ఎక్కువిస్తాను.

ఇక తీరిక లేదనేవారు. భూపాలపల్లిలో సింగరేణి బాయికి ఫస్టు షిఫ్టుకు పోయే కార్మికుడి బండి తెల్లవారుజామున ఆగిపోతే ఏ షోరూము తెరిచి ఉంటుంది? సమయానికి చేరకపోతే ఆనాటి మస్టరు పోతుంది. ఆ ఘడియలో అతనికి కావలసింది టోల్ ఫ్రీ నంబరు కాదు, పక్క డబ్బాలో ఒక పానా, జేబులో ఒక ప్లగ్గు. గుట్టలంత డంపర్లను నడిపే చేతులవి! (డంపర్లు డీజిలువి, వాటికి స్పార్కు ప్లగ్గులుండవు, అది వేరే సంగతి.) ఇంటి ముందున్న చిన్న బండి దగ్గరికి రాగానే ఆ చేతులు ఎందుకు వెనక్కి పోవాలి?

ఇంత చెప్పినా షోరూముకే పోతామనేవారు పోవచ్చు. ఒక్క పని చేయండి. పాత ప్లగ్గును అడిగి తీసుకోండి. అది మీ డబ్బుతో కొన్నది, మీ సొత్తు. ఇవ్వమంటే, ఎందుకివ్వరో ఆ బిల్లు వెనుకనే తెలుగులో వ్రాసి సంతకం పెట్టమనండి.